నిడో డబ్బాలో పదకొండేళ్లు

మా ఇంట్లో అటక మీద ఒక నిడో పాలపొడి డబ్బా ఉంది. నాయన మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు, 1981లో, కువైట్ నుంచి తెచ్చింది. పాలపొడి వారం తిరక్కుండానే అయిపోయింది. వీధిలో పిల్లలందరికీ తలా ఒక చెంచా అరచేతిలో పోసి పెట్టింది జేజి, మా నాయన వాళ్లమ్మ. డబ్బా మాత్రం మిగిలింది. అప్పటికే గుడ్డలో మూటగట్టి దాచిన ఉత్తరాలను అమ్మ అందులోకి మార్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరం అందులోకే చేరింది. 1979 నుంచి 1990 దాకా, పదకొండేళ్ల ఉత్తరాలు.

1995లో నాకు తపాలా శాఖలో ఉద్యోగం వచ్చింది. చేరిన కొత్తలో ఒకరోజు ఆ ఉత్తరాలన్నీ సంచిలో వేసుకుని ఆఫీసుకు తీసుకెళ్లాను. పని అంతా అయ్యాక పార్సిళ్లు తూచే కాటా మీద పెట్టి చూశాను. కిలో మూడు వందల గ్రాములు. కాటా ముల్లు ఆగిన చోటే చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. నేను రెండో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఇంటర్ అయ్యేదాకా మా నాయన మాకు ఎంత ఉన్నాడో, అంతా ఆ కాటా మీద ఉంది.

తూచాలని ఎందుకు అనిపించిందంటే, మా ఇంట్లో ఉత్తరం అంటేనే బరువు లెక్క. నాయన రాసే కాగితం ఉల్లిపొర లాగా ఉండేది. ఒక పక్క రాసిన సిరా రెండో పక్క కనిపించేది. అయినా రెండు పక్కలా రాసేవాడు. అయిపోయాక అంచుల వెంబడి తిప్పి రాసేవాడు. మడత పెట్టే చోట కూడా ఖాళీ వదిలేవాడు కాదు. ఆ అంచుల్లో రాసింది చదవాలంటే కాగితాన్ని బండి చక్రంలా తిప్పుతూ పోవాలి. ఇంకో కాగితం పెడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే స్టాంపు పెరుగుతుంది. ఒక స్టాంపు డబ్బులు మిగిలితే ఇంట్లో ఏదో ఒకదానికి పనికొస్తాయని ఆయన ఆలోచన.

మాది రాయచోటి దగ్గర పల్లె. అప్పట్లో కడప జిల్లా. మా వైపు వానను నమ్ముకుని శెనక్కాయ వేసిన వాళ్లు నమ్మకం పోయాక కువైట్ దారి పట్టారు. ఒక ఇంట్లో ఒకరు వెళ్తే, వాళ్లు పంపిన వీసా మీద బామ్మర్ది, ఆయన వెనకాల పక్కింటాయన. అలా ఊళ్లు ఊళ్లే కదిలాయి. మా నాయన అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. శుక్రవారం సెలవు దొరికితే మాలియాలో మన ఊరి వాళ్లంతా కలిసేవారట. ఎవరికి ఉత్తరం వచ్చింది, ఎవరికి రాలేదు, ఊళ్లో వాన పడిందా, ఇవే మాటలట. ఊరి నుంచి ఒక్కరికి ఉత్తరం వస్తే పదిమంది విని వెళ్లేవారట.

కవరు చుట్టూ ఎరుపు, నీలం వాలు గీతలు. మూలన చిన్న నీలం చీటీ, దాని మీద 'పార్ అవియోఁ' అని ఫ్రెంచి మాట. విమానంలో పంపండి అని అర్థమట, మాకేం తెలుసు? మాకు ఆ నీలం చీటీ కనిపిస్తే చాలు. పంపినవారి చిరునామాలో పోస్టు బాక్సు నంబరు, ఆ కింద 'సఫాత్' అని ఉండేది. సఫాత్ అంటే నాయన ఉండే పల్లె అనుకున్నాను చాలా ఏళ్లు. అక్కడ ఒక చెరువు, చెరువు కట్ట, కట్ట కింద నాయన గది, ఇలా మనసులో ఒక ఊరినే కట్టుకున్నాను. సఫాత్ అంటే కువైట్ నగరం నడిబొడ్డున ఉండే చోటని, పోస్టు బాక్సులు అక్కడివని, పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ చెరువు ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోలేదు.

కువైట్ నుంచి బొంబాయికి విమానంలో వచ్చేది ఉత్తరం. అక్కడి నుంచి మద్రాసు మెయిల్లో ఆర్‌ఎమ్మెస్ పెట్టె, అంటే రైల్లో టపా మోసే పెట్టె, ఎక్కి గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల దాటి కడపలో దిగేది. కడప నుంచి ఆర్టీసీ బస్సులో, డ్రైవరు వెనకాల పడేసిన గోనెసంచిలో, గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి రాయచోటి చేరేది. కోవా అంగళ్ల దగ్గర బస్సు ఆగినప్పుడు మా నాయన ఉత్తరం కూడా అక్కడే ఆగేదని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆ కోవా వాసన వేరుగా అనిపిస్తుంది. రాయచోటి నుంచి మా ఊరికి సైకిలు మీద. పది పన్నెండు రోజులు. ఒక్కోసారి పదిహేను.

పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు రెండుసార్లు కొడితే మామూలు ఉత్తరం. ఆపకుండా కొడితే కువైట్ ఉత్తరం. ఆ బెల్లు వినగానే అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసేది. కానీ పరుగెత్తేది కాదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మెల్లగా వాకిట్లోకి వచ్చి రెండు చేతులతో తీసుకునేది. వెంటనే విప్పనిచ్చేది కాదు. నేను బడి నుంచి రావాలి, జేజి వచ్చి అరుగు మీద కూర్చోవాలి, అప్పుడు విప్పాలి. విప్పేటప్పుడు కూడా అంచు చించకుండా చీపురు పుల్ల దూర్చి జిగురు ఊడదీయాలి. అంచుల్లోనూ రాసి ఉంటాడు కాబట్టి.

"చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతికి ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను." ఎనిమిదేళ్ల పిల్లనైన నేను ఈ మాటలు గట్టిగా చదువుతుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. ప్రతి ఉత్తరం అలాగే మొదలయ్యేది. ఒకసారి, తెలిసిందే కదా అని ఆ మొదటి వాక్యం వదిలేసి అసలు సంగతిలోకి వెళ్లాను. అమ్మ ఆపింది. "మొదట్నించి సదువు. క్షేమమని రాసినాడా లేదా?" అంది. ఆమెకు అదే అసలు సంగతి.

మా వీధిలో చదవడం వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఎదురింటి ఖాలా కొడుకు కూడా కువైట్‌లోనే. ఆమెకూ నేనే చదవాలి, నేనే రాయాలి. ఆమె ఉర్దూలో చెప్పేది, నాకు అర్థమైనంత తెలుగులో రాసేదాన్ని. ఒకసారి ఆమె చాలాసేపు చెప్పి, చెప్పి, చివరికి ఏడ్చి, "ఇవేమీ రాయొద్దులే బిడ్డా, అందరూ బాగున్నారని రాయి" అంది. అదే రాశాను. పదేళ్ల వయసులో నాకు ఊళ్లో చాలా ఇళ్ల గుట్లు తెలుసు. ఒక్కటీ బయట చెప్పలేదు. ఎవరూ చెప్పొద్దని ప్రత్యేకంగా అనలేదు కూడా. ఉత్తరం చదివే మనిషి అలాగే ఉండాలని ఎలాగో తెలిసిపోయింది.

మేం రాసేది ఏరోగ్రామ్ మీద. ఒకటే కాగితం, స్టాంపు దాని మీదే అచ్చేసి ఉంటుంది. రాసి, మడిచి, అంటిస్తే అదే కవరు. విడి కవరు, స్టాంపు కంటే చవక. దాని మీద అచ్చులో ఒక మాట ఉండేది. లోపల వేరే ఏదీ పెట్టకూడదు, పెడితే విమానంలో పోదు, మామూలు టపాలో పోతుంది అని. ఇంగ్లీషులో ఉన్న ఆ మాట నేను చదవలేదు.

1982లో తమ్ముడు పుట్టాడు. నాయన సెలవుకు వచ్చి వెళ్లాక పుట్టినవాడు కాబట్టి ఆయన వాణ్ణి చూడనే లేదు. మూడో నెలలో రాయచోటి స్టూడియోలో ఫొటో తీయించాం. దిష్టి చుక్క, చేతికి నల్ల గాజులు, బోర్లా పడుకుని తల ఎత్తి చూస్తున్న ఫొటో. వేరే కవరు కొని డబ్బులు ఖర్చు చేయడం ఎందుకని, ఆ ఫొటోను ఏరోగ్రామ్ మడతల్లో పెట్టి అన్నంతో అంటించి పోస్టు డబ్బాలో వేశాను. అమ్మకు కూడా చెప్పలేదు, నాయనకు ఆశ్చర్యంగా ఉంటుందని. నెల అయింది. నాయన ఉత్తరాల్లో ఫొటో మాటే లేదు. పైగా "పిల్లోడు ఎవరి పోలికో రాయండి" అని ఒకసారి, "వీలైతే ఫొటో తీయించండి" అని ఇంకోసారి. అప్పుడు అమ్మకు చెప్పేశాను. అమ్మ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. రెండు నెలలు దాటాక నాయన ఉత్తరం వచ్చింది. "ఫొటో చేరింది. ఆలస్యంగా చేరినా చేరింది. ముక్కు మా అమ్మది" అని ఉంది. జేజి ఆ వాక్యాన్ని నాచేత నాలుగుసార్లు చదివించుకుంది.

ఒక ఫొటో అంత బరువుకే విమానం ఎక్కనివ్వరా అని అప్పుడు ఉక్రోషం వచ్చింది. ఉద్యోగంలో చేరాక, టపా చరిత్ర దొరికినంత చదవడం మొదలుపెట్టాక, ఆ ఉక్రోషం పోయి ఇంకోటి వచ్చింది. దాన్ని ఏమనాలో తెలియదు. ఎవరెవరో, ఎక్కడెక్కడో, కొన్ని కిలోల కాగితం కోసం ఎంత తెగించారో చదువుతుంటే మా ఇంటి సంగతే చదువుతున్నట్టు ఉండేది.

ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక ఎయిర్ మెయిల్ విమానం మన దేశంలోనే ఎగిరింది. 1911 ఫిబ్రవరి 18న, అలహాబాదులో. అక్కడ పెద్ద ప్రదర్శన జరుగుతోంది. వాల్టర్ విండ్‌హామ్ అనే ఇంగ్లీషాయన దానికోసం విమానాలను ఓడలో తెప్పించాడు. ఒక పాదిరి తన విద్యార్థుల హాస్టలుకు చందాలు కావాలని ఆయన్ను అడిగితే, ఉత్తరాలు విమానంలో పంపి, ఒక్కోదానికి 6 అణాలు అదనంగా తీసుకుని ఆ డబ్బు ఇద్దాం అన్నాడు. తపాలా శాఖ ఒప్పుకుంది, ప్రత్యేకంగా ఒక ముద్ర కూడా చేయించింది. సుమారు 6,500 ఉత్తరాలు వచ్చాయి. ఆన్రి పెకె అనే ఫ్రెంచి కుర్రాడు, 23 ఏళ్లవాడు, వాటిని ఎక్కించుకుని యమున దాటి నైనీలో దింపాడు. పది కిలోమీటర్ల దూరం, పదమూడు నిమిషాలు. కట్టెలు, గుడ్డ, తీగలతో చేసిన ఆ విమానంలో పైలటుకు చుట్టూ తలుపులు గోడలు ఏమీ లేవు. కింద నది, వెంట ఉత్తరాల సంచి. అమెరికాలో రోజూ నడిచే ఎయిర్ మెయిల్ మొదలవడానికి ఇంకా ఏడేళ్లు ఉంది అప్పటికి. ఒక హాస్టలు పిల్లల చందాతో మొదలైన పని ఇది అని చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

కానీ నన్ను కదిలించింది 1932.

లండన్ నుంచి కరాచీకి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు 1929లోనే మొదలయ్యాయి. కరాచీ దాకా ఆకాశంలో వచ్చిన ఉత్తరం అక్కడి నుంచి బొంబాయికీ మద్రాసుకూ రైల్లో పాకుతూ రావాల్సిందే. ఆ దారిని కలపడానికి 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి చిన్న పుస్ మాత్ విమానం తనే నడుపుకుంటూ బయలుదేరాడు. అహ్మదాబాదులో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. అక్కడి నుంచి బొంబాయి, జుహూ. బొంబాయి నుంచి ఆయన భాగస్వామి నెవిల్ వింట్‌సెంట్ ఆ టపా అందుకుని మద్రాసుకు తీసుకెళ్లాడు. మధ్యలో ఎక్కడ ఆగాడో తెలుసా? బళ్లారిలో.

బళ్లారి! మన పక్క ఊరు. అనంతపురం జిల్లా 1882లో విడిపోయిందే బళ్లారి నుంచి. ఆ పేరు చదివి, వెంటనే మా అమ్మాయి స్కూలు అట్లాసు తీసి, బళ్లారి మీద స్కేలు ఒక కొస, మద్రాసు మీద ఇంకో కొస పెట్టి పెన్సిలుతో గీత గీశాను. గీత సరిగ్గా అనంతపురం మీదుగా పోయింది. కదిరికి కొంచెం పైగా పోయింది. ఆ తర్వాత రాయచోటి చుక్కను రాసుకుంటూ పోయింది.

అట్లాసు ముందు పెట్టుకుని మా జేజిని తలుచుకుని ఏడ్చాను. ఎందుకంటే జేజి నా చిన్నప్పుడు ఒక మాట పదేపదే చెప్పేది. "నేను లంగా కట్టుకునే పిల్లప్పుడు, శెనక్కాయ పెరుకుతా ఉంటిమి. నెత్తిన గాలిమోటరు పాయె. మా నాయన అందర్నీ చెట్టు కిందికి ఉరకమనె. మళ్లా కొన్నాళ్లకు ఇంగోటి పాయె." మేం నమ్మేవాళ్లం కాదు. ఆ కాలంలో మన పల్లె మీద విమానమేంది జేజీ, ఏ గద్దనో చూసుంటావు అనేవాళ్లం. ఆమె చిన్నబుచ్చుకునేది. శెనక్కాయ పెరికేది కార్తీకం ముందు వెనకల్లోనే. అక్టోబరు, నవంబరు. వారానికి ఒకసారి ఆ టపా విమానం నడిచేది. పైలటుకు రేడియో లేదు, కింద నేలను చూసుకుంటూ పోవాలి. వాగులు, కొండలు, రైలు పట్టాలే గుర్తులు. ఆ గీత వెంబడే తిన్నగా వెళ్లాడా, పక్కకు జరిగి వెళ్లాడా అని రుజువు చూపించలేను. కానీ మా జేజి చూసింది గద్ద కాదని నాకు తెలుసు. ఆమె తల మీద నుంచి పోయింది ఎవరివో ఉత్తరాలు. అది చెప్పడానికి అప్పటికి ఆమె లేదు.

మొదటి పూర్తి ఏడాది, 1933లో, టాటా నడిపిన సంస్థ విమానాలు 1,60,000 మైళ్లు తిరిగితే, ఎక్కిన ప్రయాణికులు 155 మంది మాత్రమే. అంటే ఆ రెక్కల్ని మోసింది మనుషులు కాదు, కాగితాలే. ప్రభుత్వం సాయం చేయలేదు, ఉత్తరాల మీద వచ్చే డబ్బుతోనే నడిచింది. తర్వాత దేశానికి పెద్ద విమాన సంస్థ అయిన ఎయిర్ ఇండియాకు మొదలు ఈ టపా సంచే. 1982లో, తన 78 ఏళ్ల వయసులో, టాటా మళ్లీ పాత లెపర్డ్ మాత్ విమానంలో ఒక్కడే కరాచీ నుంచి బొంబాయికి నడుపుకుంటూ వచ్చాడు, యాభై ఏళ్లు అయిన గుర్తుగా. నేను తమ్ముడి ఫొటో ఏరోగ్రామ్‌లో పెట్టిన ఏడాదే.

ఇవన్నీ చదివేకొద్దీ బరువు దగ్గరే ఆగిపోయేదాన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల ఉత్తరాలు మోయడానికి విమానాల్లో చోటు లేకపోతే, 1941లో ఎయిర్‌గ్రాఫ్ అని ఒకటి మొదలుపెట్టారు. ఉత్తరాన్ని చిన్న ఫిల్ము మీద ఫొటో తీసి, ఆ ఫిల్మునే విమానంలో పంపి, అక్కడ మళ్లీ కాగితం మీద అచ్చు తీసి ఇచ్చేవారు. 1,600 ఉత్తరాలు మామూలుగా అయితే 50 పౌండ్లు. ఫిల్ము మీద అయితే 5 ఔన్సులు. భార్య చేతి రాత చూడాలని ఎదురుచూసే సైనికుడికి ఆ రాత నీడ మాత్రం చేరేది. అది కూడా చాలనుకుని ఉంటాడు. మా అమ్మకు తెలుసు ఆ సంగతి.

ఇంకా దగ్గరి సంగతి ఏరోగ్రామ్‌ది. ఒకే కాగితం మడిస్తే కవరయ్యే ఆ ఉపాయాన్ని నడిపించినాయన డగ్లస్ గంబ్లీ. ఇరాక్ తపాలా శాఖలో పెద్ద అధికారి. 1933లో ఇరాక్‌లో అది మొదలైంది. కవరు బరువు, లోపలి కాగితం బరువు రెండూ కాకుండా ఒకటే ఉండాలని. అంటే కువైట్‌కు పక్క దేశంలో పుట్టిన కాగితం అది. దాని మీదే మా అమ్మ బర్రె సంగతి, బోరు సంగతి, ఖాలా కొడుకు పెళ్లి సంగతి నాచేత రాయించి తిరిగి ఆ వైపుకే పంపింది.

మన దేశంలో జరిగిన గొప్ప పని ఒకటి చెప్పాలి, చాలామందికి తెలియదు. 1949 జనవరిలో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి రాత్రి పూట ఒక్కో డకోటా బయలుదేరేది. అర్ధరాత్రి వేళకు నాలుగూ నాగపూర్‌లో దిగేవి. సంచులు ఇటువి అటు, అటువి ఇటు మార్చుకుని, తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవారు. మద్రాసులో సాయంత్రం డబ్బాలో వేసిన ఉత్తరం పొద్దున్నే ఢిల్లీలో. అదే ఏడాది ఏప్రిల్ నుంచి, అదనపు స్టాంపు లేకుండానే మామూలు ఉత్తరాలు కూడా వీలున్న చోట విమానంలో పంపడం మొదలైంది. అమెరికాలో ఫెడెక్స్ అనే పార్సిళ్ల సంస్థ 1973లో 14 విమానాలతో ఇలాగే, అన్నీ రాత్రి మెంఫిస్‌కు తెచ్చి అక్కడ మార్చి పంపే పద్ధతిలో మొదలై ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. మొదటి రాత్రి వాళ్లు మోసింది 186 ప్యాకెట్లు. అంతకు ఇరవై నాలుగేళ్ల ముందే మన నాగపూర్‌లో, అర్ధరాత్రి సంచులు భుజాన మోసి మార్చిన మనుషులున్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు. సంచి మోసే పని ఎంతటిదో తెలిసిన దాన్ని కాబట్టి వాళ్లను తలుచుకోకుండా ఉండలేను.

కడపలో స్టాంపులు సేకరించే ఒక పెద్దాయన ఉండేవారు. ఆఫీసుకు వస్తూ పోతూ పరిచయం. ఒకరోజు ఇంటికి పిలిచి ఆల్బం తీసి, పట్టకారుతో ఒక స్టాంపు నా అరచేతిలో పెట్టారు. 1929 నాటి ఇండియా ఎయిర్ మెయిల్ స్టాంపు. మన దేశంలో ఎయిర్ మెయిల్ కోసమే ప్రత్యేకంగా వేసిన మొదటి స్టాంపుల వరసలోది. నీలం రంగు, మూడు అణాలు, ఐదో జార్జి బొమ్మ, ఎగురుతున్న విమానం. దాని మీద అడ్డంగా, నల్ల సిరాతో, 'కువైట్' అని అచ్చు.

ఊపిరి ఆగినంత పనైంది. అప్పట్లో కువైట్ తపాలాను నడిపింది మన దేశపు తపాలా శాఖే అని ఆయన చెప్పారు. మన స్టాంపుల మీద ఆ పేరు కొట్టి 1923 నుంచి అక్కడ అమ్మేవారట. విమానం స్టాంపుల మీద 1933లో కొట్టారు. 1961 దాకా అక్కడ చెల్లింది కూడా రూపాయే. నాయన వెళ్లేనాటికి ఆ నేల మీద మన రూపాయి లేదు, మన స్టాంపు లేదు. దీనార్లు సంపాదించడానికి వెళ్లినవాళ్లలో ఒకడాయన. ఆ స్టాంపును తిరిగి ఇచ్చేసేటప్పుడు పెద్దాయన నా ముఖం చూసి, "నీకు కావాలా అమ్మా?" అని అడిగారు. వద్దన్నాను. నిడో డబ్బాలో పెట్టాల్సింది కాదది. మా డబ్బాలో ఉన్నవాటి మీద మా నాయన నాలుక తడి ఉంది.

1990 ఆగస్టు 2. రేడియోలో వార్త. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. ఆ రోజు మా ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి సరిగా వెలగలేదు. వారం తర్వాత సైకిలు బెల్లు ఆపకుండా మోగింది. వీధి మొత్తం పరుగెత్తింది. మా అమ్మ కూడా, మొదటిసారి, చేతులు కడుక్కోకుండా. ఉత్తరం మాదే. తేదీ చూస్తే జులై 24. "ఇక్కడ నేను క్షేమం" అని ఉంది. అమ్మ అడిగింది, "ఎప్పుడు రాసింది?" చెప్పాను. అరుగు మీద కూలబడింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆ వాక్యం మమ్మల్ని నిలబెట్టలేదు.

ఆ తర్వాత బెల్లు మోగలేదు. ఆగస్టు అంతా, సెప్టెంబరు చాలా వరకు. పోస్టుమ్యాన్ మా వీధిలోకి వచ్చేటప్పుడు సైకిలు దిగి నడిచి వచ్చేవాడు, బెల్లు పొరపాటున కూడా మోగకూడదని. ఎదురింటి ఖాలా, అమ్మ సాయంత్రాలు ఒకే అరుగు మీద కూర్చునేవారు. మాటలుండేవి కావు. రేడియోలో అమ్మాన్ అనే పేరు వినిపించేది. కువైట్ నుంచి మనవాళ్లు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరుతున్నారని, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి తెస్తున్నాయని. లక్ష మందికి పైగా అలా తిరిగొచ్చారు. టపా సంచితో మొదలైన సంస్థ ఆ రెండు నెలలు మనుషుల్ని మోసింది.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం నాయన రాయచోటి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. పెట్టె, గుడ్డలు, పదకొండేళ్లుగా మేం రాసిన ఉత్తరాలు, అన్నీ ఆ గదిలోనే వదిలేసి వచ్చాడు. తమ్ముడి ఫొటో కూడా. అందుకే మా డబ్బాలో సగం మాటలే ఉన్నాయి. ఆయన అడిగినవి ఉన్నాయి, మేం చెప్పినవి లేవు.

చొక్కా జేబులోంచి ఒక ఉత్తరం తీసి అమ్మ చేతికిచ్చాడు. అంటించి ఉంది. చిరునామా రాసి ఉంది. స్టాంపు ఉంది. దాని మీద ముద్ర లేదు. ఆగస్టు 1 రాత్రి రాసి, పొద్దున్నే డబ్బాలో వేద్దామని పెట్టుకున్నాడట. ఎడారిలో చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసి, చిరునామా సగం అలుక్కుపోయింది.

అమ్మ ఎప్పటిలాగే వెంటనే విప్పనివ్వలేదు. నాయన స్నానం చేసి, అన్నం తిని, అరుగు మీదికి వచ్చి కూర్చున్నాక, చీపురు పుల్ల తెచ్చి నా చేతికిచ్చింది. ఆయన పక్కనే ఉండగానే గట్టిగా చదివాను. మొదటి వాక్యం వదల్లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. అంచుల్లో తిప్పి రాసింది చదువుతూ వచ్చి, "బర్రె ఈనిందా? ఏ దూడ? మరవకుండా రాయండి" అన్న చోటికి వచ్చేసరికి చేత్తో ఆపింది నన్ను.

నాయన వైపు తిరిగి, "పెయ్యదూడ. వినాయక చవితి ముందు రోజు ఈనింది" అని చెప్పింది.